డోలుకీ తలకీ మధ్య

అనగనగనగా, మీ ముత్తాతగారి ముత్తాతగారు ఇంకా ఉగ్గు తాగుతున్న రోజుల్లో, తామరకోట అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని కుంజరవర్మ అనే రాజు ఏలేవాడు.

ఆహా, ఏం రాజు! ఆరడుగుల మనిషి. బుగ్గలు దాటి చెవుల దాకా మీసం. గుర్రమెక్కి వీధిలోకి వస్తే పిల్లలు అన్నం మానేసి పరుగెత్తుకొచ్చేవాళ్లు. అంతా బాగానే ఉంది గానీ, ఒక్కటే చిక్కు. ఎంత చిన్న సంగతీ తనంతట తాను తేల్చుకోలేడు!

"ప్రభూ, ఈ పూట పప్పులో మామిడికాయ వెయ్యనా, చింతచిగురు వెయ్యనా?" అని వంటవాడు అడిగితే చాలు, నుదుట చెమటలు పట్టేవి. "నీ ఇష్టమోయ్! నువ్వే చెప్పు. కానీ గుర్తుంచుకో, ఆ మాట అన్నది నువ్వు, నేను కాదు" అనేవాడు.

నవ్వకండర్రా! మీలో ఎంతమంది ఇలా అనలేదు?

అదే ఊళ్లో దాలయ్య అనే గంగిరెద్దులవాడు ఉండేవాడు. అతని ఎద్దు పేరు ధవళయ్య. తెల్లటి ఒళ్లు, వీపున అద్దాల బొంత, కొమ్ములకు ఇత్తడి కుప్పెలు, మెడలో గంటలు, కాళ్లకు గజ్జెలు. వీధి మొదట్లో ఆ గజ్జెలు ఘల్లుమంటే వీధి చివర తలుపులు తెరుచుకునేవి.

దాలయ్య ఒక ఇంటి ముందు ఆగేవాడు. "బసవన్నా! ఈ ఇల్లు చల్లగా ఉంటుందా?" అని అడిగేవాడు. అడిగీ అడగ్గానే డోలు వాయించేవాడు. డుబుడుబు డుబుక్! ధవళయ్య తల కిందికీ పైకీ ముమ్మారు ఊగేది. ఇల్లాలు మురిసిపోయి చేటెడు బియ్యం జోలెలో పోసేది.

"అమ్మాయికి మంచి సంబంధం కుదురుతుందా?" డుబుడుబు డుబుక్! ఊగేది. "అయ్యగారి మోకాలి నొప్పి తగ్గుతుందా?" డుబుడుబు డుబుక్! మళ్లీ ఊగేది.

ఇక్కడొక సంగతి ఉంది, వినండి. దాలయ్య తాతా, తండ్రీ, ఆ వంశంలో అందరూ ఎద్దులకు తల నిలువుగా ఊపడమే నేర్పారు. అడ్డంగా ఊపడం ఎవరూ నేర్పలేదు. ఎందుకు నేర్పుతారు? గుమ్మంలో నిలబడి "కాదు" అంటే ఏ ఇల్లాలు బియ్యం పోస్తుంది?

ధవళయ్యకు ఆ సంగతి బొత్తిగా తెలీదు. "నేను ఊరికే ఊపుతానా? బాగా ఆలోచిస్తాను. నిజమనిపిస్తేనే ఊపుతాను. ఇంతవరకూ అన్నీ నిజమే అనిపించాయి, నేనేం చెయ్యను!" అని తోటి ఎద్దుల దగ్గర గొప్పలు పోయేవాడు. పాపం, అవీ నోరెళ్లబెట్టి వినేవి.

ఒకనాడు రాజుగారి ఊరేగింపు. ముహూర్తం ముంచుకొచ్చేసింది. రాజు మాత్రం కోట గుమ్మంలోనే ఉన్నాడు. ఒక చేతిలో ఎర్ర తలపాగా, ఒక చేతిలో పచ్చ తలపాగా! ఏది పెట్టుకోవాలో తెలీదు. సరిగ్గా అప్పుడే ఘల్లు ఘల్లుమంటూ దాలయ్యా, ధవళయ్యా అటుగా వచ్చారు.

"ఓయీ! నీ ఎద్దునడుగు. ఎర్రదేనా?" అని అరిచాడు రాజు.

డుబుడుబు డుబుక్! తల ఊగింది. రాజు ఎర్ర తలపాగా చుట్టేశాడు. ఆ రోజు గుర్రం తొట్రుపడలేదు, గొడుగు ఎగిరిపోలేదు, జనం జేజేలు కొట్టారు. కుంజరవర్మకు ప్రాణం లేచొచ్చింది. తేల్చింది తను కాదు. రేపు ఏమైనా తేడా వస్తే మాట పడేదీ తను కాదు! ఇంతకంటే సుఖం ఇంకేముంటుంది?

మర్నాడే చాటింపు వేయించాడు. ధవళయ్య ఆస్థాన వృషభం! కోటలో కొట్టం, కొట్టంలో మెత్తటి గడ్డి పరుపు, పూటపూటకీ తెలగపిండి, బెల్లం. రాజ్యంలో ఏ నిర్ణయమైనా ఎద్దు తల ఊపితేనే. ధవళయ్య అయితే కాళ్లు నేల మీద ఆననట్టే నడిచాడు.

అందరూ సంబరపడుతుంటే ఒక్కడు మాత్రం కళ్లు చికిలించి చూశాడు. సేనాపతి భైరవసేనుడు. మూడు రోజులు చూశాడు, గుట్టు పట్టేశాడు. తలను ఊపుతున్నది ఎద్దు కాదు, డోలు!

దాలయ్యను చాటుకు పిలిచాడు. "ఒరే దాలిగా! సభలో నేను మీసం మీద చెయ్యి వేస్తే నీ డోలు మోగాలి. వెయ్యకపోతే మోగకూడదు. తేడా వచ్చిందో..." అని కత్తి పిడి తట్టాడు.

దాలయ్య వంగి దండం పెట్టాడు. "చిత్తం దొరా. నా చేతుల్లో ఏముంది" అన్నాడు. డోలు మాత్రం అతని చేతుల్లోనే ఉంది.

ఇక చూడండి! "మామిడితోట కొట్టేసి గుర్రాలకు మైదానం చేద్దామా?" అని సభలో అడిగాడు సేనాపతి. మీసం మీద చెయ్యి పడింది. డుబుడుబు డుబుక్! తల ఊగింది. "ఎద్దు సరేనంది" అన్నాడు రాజు. మూడు రోజుల్లో మూడు వందల చెట్లు కూలిపోయాయి. కాయలు ఇంకా పిందె మీదే ఉన్నాయి.

నాలుగో రోజు పొద్దున్నే ఒక ముసలి గోరింక రివ్వున వచ్చి ధవళయ్య కొమ్ము మీద వాలింది. దాని కోపం ఏమని చెప్పను! ఈకలన్నీ నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"ఏమయ్యా ఆస్థాన వృషభమా! నా గూడు ఎందుకు పడగొట్టించావు? అందులో రెండు గుడ్లున్నాయి."

ధవళయ్య తడబడ్డాడు. "నేను... బాగా ఆలోచించే ఊపాను."

"ఓహో! ఏం ఆలోచించావు?"

ధవళయ్య గుర్తు చేసుకోబోయాడు. ఏమీ గుర్తు రాలేదు. అసలు ఏమడిగారో కూడా గుర్తు రాలేదు!

గోరింకలు ఏ చప్పుడైనా అచ్చం అలాగే దింపేస్తాయని మీకు తెలుసుగా? ఆ ముసలిది గొంతు సవరించుకుంది.

"నువ్వు గాడిదవా?" అని అడిగి, వెంటనే నోటితో, "డుబుడుబు డుబుక్!" అంది.

ధవళయ్య తల ముమ్మారు ఊగింది.

"రేపటి నుంచి తెలగపిండి మానేస్తావా? డుబుడుబు డుబుక్!"

ఊగింది!

"నీకు బుద్ధి లేదు కదూ? డుబుడుబు డుబుక్!"

అయ్యో, మళ్లీ ఊగింది! పక్క కొట్టంలో గుర్రాలు పడీ పడీ నవ్వాయి. ధవళయ్యకు తల తిరిగిపోయింది. కళ్ల వెంట బొటబొటా నీళ్లు కారాయి. "ఇన్నాళ్లూ నేనే ఊపుతున్నాననుకున్నాను. గోరింకమ్మా, మరి ఈ తల ఎవరిది?"

ఆ మాట వినేసరికి గోరింక కోపం సగం దిగిపోయింది. "తల నీదేనయ్యా. కానీ నువ్వు అందులో ఉండటం లేదు. డోలు మోగడానికీ తల ఊగడానికీ మధ్య చిటికెడు జాగా ఉంటుంది. అక్కడ నువ్వు నిలబడాలి. నిలబడగలవా?"

"నిలబడతాను!" అన్నాడు ధవళయ్య.

అనడం తేలికే! మొదటి రోజు పళ్లు బిగించి, మెడ బిగించి నిలబడ్డాడు. గోరింక డుబుడుబుమంది. మెడ బిగిసినా తల ఊగనే ఊగింది, పైగా మెడ పట్టేసింది. రెండో రోజు చెవుల్లోకి గడ్డి దోపుకున్నాడు. చప్పుడు వినపడలేదు గానీ, గోరింక ముక్కు కదలడం చూడగానే తల ఊగిపోయింది.

మూడో రోజు అలిసిపోయి, ఏ పట్టూ పట్టకుండా ఊరికే నిలబడ్డాడు. గోరింక అడిగింది, "నువ్వు ఏట్లో దూకుతావా?"

ఏట్లో ఎందుకు దూకుతాను, అనుకున్నాడు ధవళయ్య. డుబుడుబు డుబుక్! తల... ఊగలేదు!

ఊగలేదర్రా! ధవళయ్య తనే నమ్మలేకపోయాడు. "మళ్లీ అడుగు! మళ్లీ అడుగు!" అని గంతులేశాడు. గోరింక పదిసార్లు అడిగింది. నాలుగుసార్లు ఊగింది, ఆరుసార్లు నిలబడింది. నిలబడిన ఆరుసార్లూ ఒకటే సంగతి జరిగింది. ధవళయ్య డోలు చప్పుడుతో పోట్లాడలేదు. అడిగిన మాట విన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతను డోలు విన్నాడే తప్ప, ప్రశ్న వినడం అదే మొదలు!

ఇంతలో కోటలో కలకలం బయలుదేరింది. భైరవసేనుడికి ఒక జయస్తంభం కావాలి, దాని మీద తన పేరు కావాలి. జయస్తంభం కావాలంటే జయం కావాలి, జయానికి యుద్ధం కావాలి. ఏటి అవతల వెన్నెలపాడు రాజ్యం ఉంది. అక్కడి రాజు ముసలివాడు, సైన్యం అంతంతమాత్రం. వాళ్లు తామరకోటకు చేసిన కీడేమీ లేదు. తామరకోట కోడళ్లలో సగం మంది ఆ ఊరి ఆడపడుచులే! యుద్ధమంటే ఇంటికొక మనిషి కత్తి పట్టి బావమరిది మీదకు వెళ్లాలి.

సభ మర్నాడు. ఊరంతా హడలిపోయింది. ఎద్దు ఏమంటుందో! ఎద్దు ఎప్పుడైనా కాదందా?

సాయంత్రం పాలు పితికే వేళ దాలయ్య కొట్టంలోకి వచ్చాడు. ధవళయ్య గంగడోలు నిమురుతూ ఏడ్చేశాడు. "నాయనా, సేనాపతి ఖండితంగా చెప్పాడు. రేపు నువ్వు తల ఊపకపోతే ముందు నీ తల, తర్వాత నా తల తీసేస్తాడట. ఊపెయ్యి తండ్రీ. ఎప్పుడూ ఊపినట్టే ఊపెయ్యి. మన చేతుల్లో ఏముంది చెప్పు!"

ధవళయ్య ఈసారి నిజంగానే ఆలోచించాడు. ఊపితే ఊరు పోతుంది. ఊపకపోతే తను పోతాడు, తనను పెంచిన దాలయ్య పోతాడు. దాలయ్య చెయ్యి నాకాడు.

తెల్లవారింది. సభ కిటకిటలాడిపోయింది! కిటికీలకు వేలాడేవాళ్లు వేలాడుతున్నారు. గోరింక వచ్చి దూలం మీద కూర్చుంది. ధవళయ్య నడిమధ్యన నిలబడ్డాడు. ఒక పక్క దాలయ్య, ఒక పక్క సేనాపతి.

కుంజరవర్మ సింహాసనం మీద నుంచి అడిగాడు. "బసవన్నా! వెన్నెలపాడు మీదకు యుద్ధానికి వెళ్దామా?"

సేనాపతి చెయ్యి మీసం మీదకు వెళ్లింది. డుబుడుబు డుబుక్!

తల ఊగలేదు.

"గట్టిగా వాయించరా!" అన్నాడు సేనాపతి పళ్ల మధ్య నుంచి. డుబుడుబు డుబుక్! ధవళయ్య మెడ మీద నరం ఉబ్బింది, గంట ఒక్కటి చిన్నగా మోగింది. అయినా తల ఊగలేదు.

మూడోసారి దాలయ్య వేళ్లు డోలు మీద ఆడనే లేదు. సేనాపతే డోలు లాక్కుని తోలు చిరిగేలా బాదాడు. డుబుడుబు డుబుక్! డుబుడుబు డుబుక్!

అప్పుడు ధవళయ్య తల కదిలింది. నిలువుగా కాదు! ఎడమకు, కుడికి, మళ్లీ ఎడమకు. ఆ వంశంలో ఏ ఎద్దుకూ ఎవ్వరూ నేర్పని ఊపు అది!

ఒక్కసారిగా హోరు లేచింది. "వద్దంది! ఎద్దు వద్దంది!" జనం ఎగిరి గంతులేశారు. తలపాగాలు గాల్లోకి లేచాయి. రాజు కూడా చప్పట్లు కొట్టాడు. "సరే, సరే! ఎద్దు వద్దంది, యుద్ధం లేదు. నాకేం సంబంధం లేదు, అంతా ఎద్దుదే!"

ధవళయ్య మళ్లీ తల అడ్డంగా ఊపాడు. హోరు ఆగిపోయింది. అప్పుడు నోరు విప్పాడు. ఆ రోజుల్లో జంతువులు మాట్లాడేవి లెండి, అడిగేవాళ్లే తక్కువ.

"మహారాజా, నా తల వరకే నాది. రాజ్యం నా తల మీద పెట్టకండి. యుద్ధం కావాలో వద్దో చెప్పాల్సింది మీరు."

రాజుకు చిర్రెత్తుకొచ్చింది. "అదేమిటి? మామిడితోట కొట్టించింది నువ్వు కాదూ?"

చూశారా, ఎంత చక్కగా తప్పించుకోవచ్చో! డోలు మోగింది, తల ఊగింది, నాకేం తెలుసు అనొచ్చు. అది సగం నిజం కూడాను. కానీ ధవళయ్య దూలం మీదున్న గోరింక వైపు చూసి, తల దించుకున్నాడు. "అవును ప్రభూ. మోగింది డోలే, కానీ ఊగింది నా తల. ఏమడిగారో వినకుండానే ఊపాను. తప్పు నాదే."

దాలయ్య భోరుమని రాజు ముందు సాగిలపడ్డాడు. "వాయించింది నా చేతులు ప్రభూ! సేనాపతిగారు మీసం మీద చెయ్యేస్తే వాయించాను. ప్రాణభయంతో వాయించాను. అయినా చేతులు నావే. తప్పు నాదే!"

భైరవసేనుడి మొహం కందగడ్డలా అయింది. "నాకేం తెలుసు? నేను ప్రభువుల సేవకుణ్ణి. ఆజ్ఞ వారిది!" అంటూనే సర్రున కత్తి దూసి ధవళయ్య మెడ మీదకు ఎత్తాడు. "ఈ ఎద్దుకు పిచ్చెక్కింది. నరికెయ్యమంటారా ప్రభూ?"

అందరి కళ్లూ రాజు మీద పడ్డాయి. రాజు ఎడమకు చూశాడు, అక్కడ మంత్రి నేల చూపులు చూస్తున్నాడు. కుడికి చూశాడు, పురోహితుడు కళ్లు మూసుకున్నాడు. వెనక్కి చూశాడు, గోడ. ఇంకెవరూ లేరు!

అలవాటుగా రాజు నోరు తెరుచుకుంది. "నీ ఇ..."

ఆ ఒక్క మాట పూర్తయితే ధవళయ్య పని అయిపోయినట్టే! దాలయ్య కళ్లు మూసుకున్నాడు. ధవళయ్య మాత్రం మూసుకోలేదు. రాజునే చూస్తూ నిలబడ్డాడు.

రాజు నోట్లో మాట ఆగింది. ఏమడిగాడు వీడు, అనుకున్నాడు కుంజరవర్మ. నరికెయ్యమంటారా అని అడిగాడు. నన్ను అడిగాడు. ఎద్దును కాదు, మంత్రిని కాదు, నన్ను! నేనేమంటే అదే జరుగుతుంది. ఆ మాట మనసులో పడగానే రాజు భయపడుతూనే లేచి నిలబడ్డాడు. ఆ వెంటనే ఒంట్లోకి ఏదో కొత్త ఉత్సాహం పరుగెత్తింది.

"ఆపు!" అని గర్జించాడు. ఆ గొంతు తామరకోట ఎప్పుడూ వినలేదు. "కత్తి దించు. ఎద్దును నరకొద్దు. యుద్ధమూ వద్దు. ఎవరి మాటా కాదు, నా మాట! నేను, కుంజరవర్మను, అంటున్నాను. మామిడితోట పోయిందీ నా నోటి మాట మీదే. తప్పు నాదే!"

సేనాపతి చేతిలోంచి కత్తి ఖంగుమని నేల మీద పడింది. ఏ డోలూ మోగకుండానే ఊరంతా ఒక్కసారి చప్పట్లు కొట్టింది. కిటికీలకు వేలాడుతున్నవాళ్లు రెండు చేతులతోనూ చప్పట్లు కొట్టబోయి కింద పడ్డారు. వెన్నెలపాడు కోడళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు, నవ్వారు. గోరింక దూలం మీద నుంచి దిగి ధవళయ్య కొమ్ము మీద కూర్చుంది. గుడ్లు తిరిగి రావు కదా! కానీ కూర్చుంది.

రాజు సింహాసనం దిగి వచ్చాడు. "దాలయ్యా, నాకు భయమేసిందయ్యా. చచ్చేంత భయమేసింది. అయినా ఎంత బాగుందో!" అని పసిపిల్లాడిలా నవ్వాడు. భైరవసేనుడి పదవి అక్కడికక్కడే ఊడబీకాడు. అందుకు ఎవర్నీ సలహా అడగలేదు.

ఆ తర్వాత ధవళయ్య ఆస్థానం వదిలేసి వీధుల్లోకి వచ్చేశాడు. దాలయ్య అడిగితే ఒక్క క్షణం ఆగేవాడు. ఆగి, ఒక్కోసారి నిలువుగా, ఒక్కోసారి అడ్డంగా ఊపేవాడు. బియ్యం కొంచెం తగ్గిన మాట నిజమే. కానీ ఆ ఎద్దు "అవును" అంటే మాత్రం ఇల్లాళ్లు కళ్లకద్దుకునేవాళ్లు, ఎందుకంటే అది "కాదు" అనగలదని ఇప్పుడు అందరికీ తెలుసు.

అందుకే పిల్లలూ, డోలు ఎవరు వాయించినా ఊగే తల మనదే. ఏమడిగారో విని, నిలిచి, ఆ తర్వాత "ఇది నేనే చేశాను" అని ధైర్యంగా చెప్పగలిగినవాడే తనకు తాను యజమాని.